కర్ఫ్యూ రోజుల్లో (2021 మే) వ్యాయామం: నాన్నని డాబా ఎక్కించాలా, కూర్చోబెట్టాలా?

మీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. మీరు కాకినాడలో ఉంటున్నారు, ఏడాది పైగా ఇంటి నుంచే ఉద్యోగం. నాన్నగారికి 64 ఏళ్ళు, షుగర్ ఉంది. రోజూ పార్కులో గంటసేపు నడిచే మనిషి, కోవిడ్ సెకండ్ వేవ్ మొదలయ్యాక గడప దాటలేదు. అమ్మగారికి ఏప్రిల్‌లో కోవిడ్ వచ్చి ఇంట్లోనే తగ్గింది కానీ నీరసం పోలేదు. మీకేమో నిద్ర పట్టడం లేదు, ఊరికే గుండె దడ, ఏడు కిలోలు పెరిగారు. ఇలాంటప్పుడు వ్యాయామం వల్ల నిజంగా ఇమ్యూనిటీ పెరుగుతుందా, లేక ఉన్న ఓపిక కూడా పోతుందా అన్నది మీ సందేహం. ట్రెడ్‌మిల్ కొనాలా అని చివర్లో అడిగారు.

సూటిగా చెప్పాలంటే, నాన్నగారు రేపు పొద్దున్నుంచే మొదలుపెట్టాలి, పార్కుకి వెళ్ళక్కర్లేదు, డాబా చాలు. మీరు ఇంకా ముందే మొదలుపెట్టాల్సింది. అమ్మగారు మాత్రం ఇప్పుడే వద్దు, ఆవిడ సంగతి వేరు, కింద విడిగా రాస్తాను. వ్యాయామం వైరస్‌ని లోపలికి రాకుండా ఆపదు. ఆ పని మాస్కుది, గాలి ఆడే గదిది, వ్యాక్సిన్‌ది. వ్యాయామం చేసేది ఏంటంటే, వైరస్ వచ్చినా రాకపోయినా ఈ ఇంట్లో కూర్చోవడం వల్ల మనం పోగొట్టుకునేదాన్ని పోనివ్వకుండా కాపాడుతుంది.

నేను రాజమండ్రిలో ఫిజియోథెరపిస్టుని, 22 ఏళ్ళ ప్రాక్టీసు. పోయినేడాది నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళు. మిగతా సగం కోవిడ్ అసలు రానివాళ్ళు, కానీ భయంతో ఇంట్లో కూర్చుని కూర్చుని పాడైనవాళ్ళు. ఈ రెండో రకం గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి ముందు అదే చెప్తాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారు ఉండేవారు, 71 ఏళ్ళు. రోజూ గోదావరి గట్టు దాకా నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని పేపరు చదివి, కింద పీట మీద కూర్చుని భోంచేసే మనిషి. పిల్లలు విదేశాల్లో. వాళ్ళు రోజూ వీడియో కాల్ చేసి "నాన్నా, బయటికి అడుగు పెట్టొద్దు" అని ఒట్టు వేయించుకున్నారు. ఆయన మాట తప్పలేదు. మంచం, కుర్చీ, టీవీ, రెండున్నర నెలలు. జూన్‌లో బాత్‌రూమ్‌లో లేవబోయి పడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక నేను వెళ్ళి చూస్తే ఆయన తొడలు నా ముంజేతి కంటే కాస్తే లావుగా ఉన్నాయి. వైరస్ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

ఇది అతిశయోక్తి కాదు. అమెరికాలో 2007లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న 67 ఏళ్ళ వయసు వాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. పది రోజులకి! మీ నాన్నగారు పూర్తిగా మంచాన పడలేదు కాబట్టి అంత ఉండదు, కానీ దారి అదే. కుర్రాళ్ళకి పోయిన కండ త్వరగానే తిరిగొస్తుంది. 60 దాటాక పోవడం సుళువు, రావడం కష్టం.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇది రెండింతల నష్టం. మనం తిన్న అన్నంలోని చక్కెర ఎక్కువ భాగం వెళ్ళి దాక్కునేది కండలోనే. తొడలు, పిక్కలు పని చేస్తున్నప్పుడు, ఇన్సులిన్ సరిగా పని చేయకపోయినా సరే, కండ రక్తంలోని చక్కెరని లోపలికి లాక్కుంటుంది. కూర్చుంటే ఆ తలుపు మూసుకుంటుంది. అందుకే నేను షుగర్ వాళ్ళకి పొద్దున గంటసేపు నడవమని చెప్పడం మానేశాను. మూడు పూటలా తిన్నాక పావుగంట నడవండి అంటాను. డాబా మీద కాకపోతే హాల్లో, వరండాలో. మధ్యాహ్నం భోజనం చేసి వెంటనే నడుం వాల్చే అలవాటు మన గోదావరి వాళ్ళకి పుట్టుకతో వచ్చింది, నాకూ ఉంది. పావుగంట నడిచి అప్పుడు వాల్చమంటాను, అంతే.

ఇక ఇమ్యూనిటీ. ఈ మాట ఈ ఏడాది టూత్‌పేస్టు దగ్గర్నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా అన్నిటి మీదా కనిపిస్తోంది, నాకు వింటేనే చిరాకు. అయినా మీరు అడిగారు కాబట్టి, తెలిసినది చెప్తాను. ఏప్రిల్ 2021లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఒక పెద్ద పరిశీలన వచ్చింది. కోవిడ్ వచ్చిన 48 వేల పైచిలుకు మందిని తీసుకుని, వాళ్ళు అంతకు ముందు రెండేళ్ళలో ఎంత వ్యాయామం చేశామని చెప్పారో రికార్డుల్లో చూశారు. వారానికి 150 నిమిషాలు క్రమం తప్పకుండా చేసినవాళ్ళతో పోలిస్తే, అసలు కదలనివాళ్ళు ఆసుపత్రిలో చేరే అవకాశం రెండింతలకు పైన, చనిపోయే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు ఉంది. వయసు, షుగర్, బరువు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా నిలిచింది.

కానీ ఆగండి. ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, వీళ్ళందరికీ కోవిడ్ వచ్చింది. అంటే వ్యాయామం చేసినవాళ్ళకి రాలేదని కాదు, వచ్చినా తట్టుకున్నారని. రెండు, వ్యాయామం చేయగలిగినవాళ్ళు ముందే కాస్త గట్టివాళ్ళు అయ్యుండొచ్చు, అది పూర్తిగా విడదీయలేం. అయినా ఆ రెండేళ్ళు అన్న మాట గమనించండి. ఈ రోజు పది సూర్య నమస్కారాలు చేసి రేపు ధైర్యంగా పెళ్ళికి వెళ్ళడం కుదరదు. ప్రాణాయామం చేస్తే వైరస్ చచ్చిపోతుందని మీకు వచ్చిన వాట్సాప్ మెసేజ్ నాకూ నాలుగు గ్రూపుల్లో వచ్చింది. ప్రాణాయామం మంచిదే, మనసు కుదుటపడుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. వైరస్‌కి దాంతో సంబంధం లేదు.

ఇప్పుడు మీ సంగతి. మీరు రాసిన దాంట్లో నన్ను ఆపింది ఒక వాక్యం: "మెట్లెక్కితే ఆయాసం వస్తుందేమోనని భయమేసి ఎక్కడం మానేశాను, ఆయాసం వస్తే కోవిడేమో అనిపిస్తోంది." ఈ ఏడాది నేను ఈ మాట విన్నన్ని సార్లు నడుం నొప్పి అన్న మాట కూడా వినలేదు. ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించేది) కొనుక్కుని గంటగంటకీ వేలికి తగిలించుకునే కుర్రాళ్ళు ఉన్నారు. 98 వస్తే ప్రాణం లేచొస్తుంది, 96 వస్తే చెమటలు. (గోరింటాకు, గోళ్ళ రంగు, చల్లటి వేళ్ళు ఉన్నా అంకె తప్పు చూపిస్తుంది, అది ఎవరూ చెప్పరు.)

ఇక్కడ వ్యాయామం చేసే మేలు, పుస్తకాల్లో ఉన్నా జనం పెద్దగా చెప్పుకోనిది. టెన్షన్ వచ్చినప్పుడు ఏమవుతుంది? గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి ఎగబీలుస్తాం, చెమట పడుతుంది. గబగబా నడిచినా సరిగ్గా అవే వస్తాయి. తేడా ఏంటంటే, నడిచినప్పుడు అవి ఎందుకొచ్చాయో మీకు తెలుసు, ఐదు నిమిషాలు కూర్చుంటే అవే తగ్గిపోవడం కళ్ళారా చూస్తారు. రోజూ చూస్తే, గుండె దడ అంటే ప్రమాదం అనే లెక్క మెదడు నెమ్మదిగా మార్చుకుంటుంది. మానేసిన మెట్లు మళ్ళీ ఎక్కడమే మీకు మందు. మొదటిరోజు ఒక అంతస్తు ఎక్కి, పై మెట్టు మీద కూర్చుని, దడ తగ్గేదాకా లెక్కపెట్టుకోండి. రెండు నిమిషాలు పట్టొచ్చు. వారం తర్వాత ఎంత పడుతోందో చూడండి. మెట్లెక్కినప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా మాత్రం అది టెన్షన్ అనుకోకుండా డాక్టర్‌కి చూపించి ఈసీజీ తీయించుకోండి.

నిద్ర గురించి ఒక అనుమానం. మీరు తొమ్మిదికి లేచి పక్కమీదే లాప్‌టాప్ తెరుస్తున్నారని రాశారు. అంటే ఎండ ముఖానికి తగలడం లేదు. మెదడులోని గడియారం పొద్దుటి వెలుతురుతో సరిచూసుకుంటుంది. పొద్దున ఆరున్నరకి డాబా మీద ఇరవై నిమిషాలు నడిస్తే కాళ్ళకి ఎంత మేలో, రాత్రి నిద్రకి అంతకు మించిన మేలు. మే నెల కాబట్టి ఏడున్నర దాటితే వద్దు, కాకినాడ ఉక్కపోత సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

డిప్రెషన్‌కి కూడా వ్యాయామం పనిచేస్తుందా అని ఇంకొకరు మీ ప్రశ్న కింద అడిగారు. పనిచేస్తుంది. 1999లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు 50 దాటిన 156 మంది డిప్రెషన్ పేషెంట్లని తీసుకుని కొందరికి మాత్ర, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు. 16 వారాలకి మూడు గుంపులూ ఇంచుమించు సమానంగా మెరుగయ్యాయి. మాత్ర వేసుకున్నవాళ్ళలో మార్పు కాస్త త్వరగా కనిపించింది. దీన్ని చదివి మాత్రలు ఆపేయకండి. పక్క దిగాలనే అనిపించనప్పుడు, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తున్నప్పుడు "వాకింగ్ చెయ్యి, అదే పోతుంది" అని చెప్పేవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది. అలాంటి ఆలోచనలు ఉన్నవాళ్ళకి ముందు సైకియాట్రిస్టు, తర్వాతే నేను.

నా సొంత సంగతి ఒకటి చెప్తాను. పోయినేడాది ఆగస్టులో నాకు కోవిడ్ వచ్చింది. పన్నెండు రోజులకి తగ్గింది, కానీ మా ఇంటి డాబాకి ఉన్న 19 మెట్లు రెండుసార్లు ఆగి ఎక్కాల్సి వచ్చింది. జనానికి చెప్పే మనిషిని కదా, నాకు నేనే చెప్పుకోలేకపోయాను. అదే నెలలో నాతో కలిసి పనిచేసిన ఒకాయన పోయారు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేసేది. నిజం చెప్పాలంటే నన్ను లేపింది క్రమశిక్షణ కాదు, ఎదురింటి ముసలాయన. రోజూ ఐదున్నరకి ఆయన తన డాబా మీద నడుస్తూ నాకేసి చెయ్యి ఊపేవారు. పిట్టగోడ మీద ఇరవై చింతపిక్కలు పెట్టుకుని, ఒక రౌండు అవగానే ఒక పిక్క ఇటు నుంచి అటు జరిపేవారు. నేను రాకపోతే "డాక్టరుగారూ" అని కేకేసేవారు. ఆయన కోసం ఎక్కాను. మూడు వారాలకి ఆ వీధిలో ఆరు డాబాల మీద జనం నడవడం మొదలైంది, ఆ డాబా నుంచి ఈ డాబాకి వంకాయల ధర దగ్గర్నుంచి ఎవరింట్లో పాజిటివ్ వచ్చిందో దాకా కబుర్లు. మనుషుల మొహాలు చూడటం కూడా అందులో మందే అయ్యుండాలి. ఎంత పాలు నడకది, ఎంత పాలు ఆ కబుర్లదో నేను విడదీయలేను.

ఆ చింతపిక్కల లెక్క మీ నాన్నగారికి సరిగ్గా సరిపోతుంది. డాబా చుట్టూ ఒక రౌండు 40 మీటర్లు ఉంటే 25 రౌండ్లకి కిలోమీటరు. సగంలో దిక్కు మార్చి తిరగమనండి, ఎప్పుడూ ఒకవైపే తిరిగితే కళ్ళు తిరుగుతాయి, ఒక మోకాలి మీదే భారం పడుతుంది. మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. ఆ వేగం సరైనది. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ రకం మాత్ర గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో ఎక్కువసేపు వద్దు, షుగర్ మరీ పడిపోతే వేసుకోవడానికి జేబులో రెండు చక్కెర బిళ్ళలు ఉండాలి. చెప్పులు లేకుండా వద్దు, షుగర్ కాళ్ళకి బొబ్బ తెలియదు, మే నెలలో డాబా నేల పెనంలా ఉంటుంది.

నడక ఒక్కటే చాలదు, కండకి బరువు పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో ఇచ్చిన సలహా కూడా అదే. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు కష్టపడాలి, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండ బలానికి. దానికి డంబెల్స్ అక్కర్లేదు. మన తాతలు తాలింఖానాల్లో తీసిన బస్కీలు, బడిలో మాస్టారు తీయించిన గుంజీలు చాలు. నాన్నగారికి పూర్తి బస్కీలు వద్దు, కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం, మళ్ళీ కూర్చోవడం, పదేసి సార్లు. గోడకి చేతులు ఆనించి దండీలు. పళ్ళు తోముకునేటప్పుడు వాష్‌బేసిన్ పట్టుకుని మడమలు లేపడం. పాలు పొంగే లోపు ఇరవై సార్లు మడమలు లేపొచ్చు, మా ఆవిడ అలాగే చేస్తుంది.

రోజుకి పది వేల అడుగులు అని వాచీ పెట్టుకుని బాధపడకండి. ఆ అంకె 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. 2019లో వయసు మళ్ళిన ఆడవాళ్ళ మీద వచ్చిన పరిశీలనలో నాలుగు వేల నాలుగు వందల అడుగులకే చనిపోయే అవకాశంలో తేడా కనిపించింది, ఏడున్నర వేల దగ్గర ఆ మేలు పెరగడం ఆగిపోయింది.

ఇప్పుడు అమ్మగారి విషయం, ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. "ఒకరోజు ఓపికగా ఉందని వంటంతా చేస్తే మర్నాడు మంచం దిగలేకపోతోంది" అన్నారు. ఇది బద్ధకం వల్ల వచ్చిన నీరసం కాదు. కోవిడ్ తర్వాత కొందరికి శ్రమ పడిన మర్నాడో ఎల్లుండో ఒళ్ళు కూలబడిపోతుంది. వాళ్ళని రోజూ కొంచెం కొంచెం పెంచుతూ పొమ్మంటే ఇంకా పాడవుతారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా 2020లోనే దీని గురించి హెచ్చరించింది. ఆవిడ ఎంత పని చేస్తే మర్నాడు పడిపోవడం లేదో అది కనిపెట్టండి, దానికి కాస్త తక్కువలోనే రెండు వారాలు ఉంచండి. ఉల్లిపాయలు కూర్చుని తరగనివ్వండి. స్నానానికి, వంటకి మధ్య అరగంట పడుకోనివ్వండి. ఓపికగా ఉన్న రోజు కూడా ఎక్కువ చేయనివ్వకండి, అసలు చిక్కు ఆ రోజులతోనే.

ఇంకో మాట, ఇది మీ ఇంటికే కాదు. పనిమనిషి రావడం ఆగినప్పటి నుంచి అంట్లు, బట్టలు, ముగ్గురికి మూడు పూటలా వంట, అన్నీ ఒకరి మీదే పడ్డాయి. "ఇంట్లో ఇంత పని చేస్తున్నాను, వేరే వ్యాయామం దేనికి" అని ఆడవాళ్ళు అడుగుతారు, మగవాళ్ళు ఇంకా గట్టిగా అంటారు. ఇంటిపని కదలికే, కాదనను. కానీ వంగి చేసే పని ఎప్పుడూ అవే కీళ్ళ మీద పడుతుంది, మనసుకి సెలవు ఉండదు. అమ్మగారికి కాస్త ఓపిక వచ్చాక కావాల్సింది మీరు అంట్లు తోమే ఆ పావుగంటలో డాబా మీద ఒంటరిగా, ఏ పనీ లేకుండా తిరగడం.

అమ్మగారి ఊపిరి సంగతి కూడా చూడండి. ఆక్సీమీటరు వేలికి పెట్టుకుని ఇంట్లోనే ఆరు నిమిషాలు మామూలుగా నడవమనండి, పక్కన మీరు ఉండండి. నడవకముందు ఉన్న అంకె కంటే మూడు, అంతకన్నా ఎక్కువ పడిపోయినా, 94 కంటే దిగినా ఆపి డాక్టర్‌తో మాట్లాడండి. మూడు బంతుల స్పైరోమీటరు (గొట్టంలోంచి గాలి పీల్చి బంతులు పైకి లేపే ఊపిరి వ్యాయామ పరికరం) ఒకటి ఇంట్లో ఉందన్నారు. రోజుకి మూడు నాలుగు సార్లు, పదేసి ఊపిరులు చాలు. బంతులన్నీ పైకి లేపాలని పోటీ పడి కళ్ళు తిరిగి పడినవాళ్ళు నాకు తెలుసు.

మామూలుగా వచ్చి తగ్గినవాళ్ళకి నా లెక్క ఇది: ఏ లక్షణమూ లేకుండా కనీసం ఏడు రోజులు గడవాలి, అప్పుడు నెమ్మది నడకతో మొదలు. జ్వరం ఉండగా వ్యాయామం అసలు వద్దు. ఈ వైరస్ కొందరి గుండె కండరానికి వాపు తెస్తుంది, ఆ సమయంలో శ్రమ పెడితే గుండె లయ తప్పొచ్చు. ఫిబ్రవరిలో ఒక 29 ఏళ్ళ అబ్బాయి, మంచి కండలు తిరిగిన కుర్రాడు, జ్వరం తగ్గిన ఐదో రోజున జిమ్‌కి వెళ్ళి బరువులు ఎత్తాడు. ట్రెడ్‌మిల్ మీద స్పృహ తప్పాడు. నెల రోజులు కార్డియాలజిస్టు దగ్గర తిరిగాక ఇప్పుడు బాగానే ఉన్నాడు. అతన్ని డిశ్చార్జ్ చేసిన ఆసుపత్రి వాళ్ళు తొమ్మిది రకాల మాత్రలు రాసిచ్చారు, ఎప్పటిదాకా బరువులు ఎత్తకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. స్టెరాయిడ్లు వాడినవాళ్ళయితే తొడలు ఇంకా బలహీనంగా ఉంటాయి, షుగర్ కూడా పెరిగి ఉంటుంది, వాళ్ళు ఒంటరిగా మొదలుపెట్టకూడదు.

రోడ్డు మీద నడవాలనిపిస్తే, 2021 మేలో ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ కాబట్టి ఆరు దాటాకే. మాస్కుతో నెమ్మదిగా నడవొచ్చు. మాస్కు పెట్టుకుని పరుగెత్తొద్దు, జనం లేని చోటు దొరకకపోతే ఆ రోజు డాబాయే.

ట్రెడ్‌మిల్ వద్దు. ఆ డబ్బుతో నాన్నగారికి మంచి బూట్లు, వాటితోపాటు చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి కొనండి. ఆ కుర్చీతోనే రేపు ఒక పరీక్ష పెట్టండి. గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఆయన వయసు మగవాళ్ళకి 14 కంటే తక్కువ అయితే కాళ్ళు బలహీనపడ్డాయని. 8 కూడా దాటకపోతే డాబా మెట్లు ఒంటరిగా ఎక్కనివ్వకండి, మొదటి రెండు వారాలు హాల్లోనే. ఎన్ని వచ్చాయో, షుగర్‌కి ఏ మాత్ర వేసుకుంటున్నారో ఇక్కడే రాయండి, సాయంత్రం ఏడు తర్వాత చూస్తాను.